తొంభై నిమిషాలు

మంగాఫ్‌లో టైపింగ్ సెంటరు.
రాజంపేట కుర్రాడు చాంద్‌బాషా
కీబోర్డు మీద వేళ్ళాపి అడుగుతాడు:
"వృత్తి గడిలో ఏం కొట్టాల్నా?"

పదిహేడేళ్ళు ఆ గడిలో ఉన్న మాట
మొన్న మంగళవారం చెరిగిపోయింది.
ఇంజినీర్ల సంఘం కౌంటర్లో ఆమె మర్యాదగానే చెప్పింది.
డిగ్రీ నిజమే, మార్కులూ నిజమే,
కాలేజీయే జాబితాలో లేదట.

ఎట్లా ఉంటుంది?
ప్రొద్దుటూరు బైపాసు పక్కన మా కాలేజీ
నేను పాసైన ఆరేళ్ళకి మూతబడి
ఫంక్షన్ హాలైంది.
సర్వేయింగ్ ల్యాబులో గాడిపొయ్యి.
మేము క్యూబులు పగలగొట్టి బలం రాసుకున్న గదిలో
పెళ్ళికూతుళ్ళు చీర మార్చుకుంటారు.
ఉన్నట్టు ఒక ఉత్తరం తెమ్మన్నారు కదా అని
పాత నంబరుకు ఫోన్ చేస్తే
మేనేజరు ఎత్తి
"ఏ తేదీకి కావాల సార్, ఏసీనా, నాన్ ఏసీనా?" అన్నాడు.

ఇక్కడ అన్నిటికీ కాగితమే.
తవ్వడానికొకటి, తవ్వింది పూడ్చడానికొకటి,
రోడ్డు మీద క్రేను కాళ్ళు చాపుకోడానికొకటి,
రాత్రిపూట కాంక్రీటు పోయాలంటే
బలదియా నుంచి ఇంకొకటి.
నేను వాటిని తిట్టను.
ఎక్కడో ఒక స్లాబు కూలింతర్వాతే
ఒక్కో కాగితం పుట్టుంటుంది.
నన్ను కొట్టేసిన కాగితం కూడా
ఎవరి శవం దగ్గర పుట్టిందో,
అడగాలనుకుని అడగలేదు.

ఇప్పుడు నేను గీస్తాను,
హాజెమ్ ముద్ర గుద్దుతాడు.
పాతికేళ్ళవాడు. లైసెన్సు మెడలో, ముద్ర జేబులో.
మంచి పిల్లాడు,
గుద్దేముందు ప్రతిసారీ కాగితం కాదు
నా మొహం చూస్తాడు.

ఆ రాత్రి, ఆగస్టు.
పదకొండు దాటినా నలభై డిగ్రీలు.
మూడు మిక్సర్లు గేటు దగ్గర కడుపులు తిప్పుకుంటున్నాయి.
మంచు వేసి కలిపిన మాలు;
ప్లాంటులో నీళ్ళు తగిలిన క్షణం నుంచీ
దాని ఆయుష్షు తొంభై నిమిషాలు.
పర్మిట్టు వచ్చింది. తేదీ సరిగ్గా ఉంది.
ముద్ర గుండ్రంగా, నీలంగా, పడాల్సిన చోటే పడింది.

టార్చి వేసుకుని ఒక చుట్టు తిరిగాను.
ఎవరూ తిరగమనలేదు. అలవాటు.
సి-తొమ్మిది స్తంభం, దూలం కలిసే కీలు దగ్గర
వందకొకటి ఉండాల్సిన రింగు
రెండొందలకొకటి ఉంది.
కొన్నిచోట్ల అదీ లేదు.
సిరిసిల్ల లచ్చయ్య తల గోక్కున్నాడు:
"రింగులు ఒడిసినయ్ సారూ,
ఫోర్మన్ గిట్లనే కట్టుమన్నడు."

పంపు గొట్టానికి అడ్డంగా నిలబడ్డాను.
ఫోర్మన్ అరిచాడు:
ఆపడానికి నువ్వెవరు?

మామూలు కోపంలో మామూలు మాట.
కానీ జవాబు నా దగ్గర లేదు,
టైపింగ్ సెంటర్లో ఖాళీ గడిలో ఉంది.

హాజెమ్ నా మొహం చూశాడు.
టార్చి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని
ఒక్కొక్క సందులో బెత్తెడు పెట్టి చూశాడు.
లేచి, ఏమీ అనకుండా
లారీల వైపు చెయ్యి అడ్డంగా ఊపాడు.
మూడు లారీల కాంక్రీటు ఇసకలో పారబోశారు.
తెల్లారేసరికి అది ఏ ఇంటికీ చెందని
ఒక బండ.
దాని మీద కూర్చుని లచ్చయ్య వాళ్ళు టీ తాగారు,
రింగుల బండి వచ్చేదాకా.

ఆ డబ్బు ఎవరి జీతంలో కోస్తారో
ఇంకా తేలలేదు.

"అన్నా," అంటున్నాడు చాంద్‌బాషా,
గీత ఆరి వెలుగుతోంది గడిలో.
వెనక పదకొండు మంది లైను.

టెక్నీషియన్ అని కొట్టమన్నాను.
కొట్టాడు. ఒక అక్షరం ఎగిరిపోయింది.
తెర మీద వేలు పెట్టి చూపించి
దిద్దించాను.